శనివారం కలిసొచ్చేలా మెట్ట ప్రయాణం: ఉదయగిరి, భైరవకోన, మాలకొండ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చూడాల్సినవి చెప్పమంటే చాలామంది సముద్రం వైపే చెయ్యి చూపిస్తారు. మైపాడు, కొత్తపట్నం ఎప్పుడు పోయినా బాగానే ఉంటాయి. మెట్ట అలా కాదు. రోజు తప్పితే గుడి తలుపులు మూసుంటాయి, పూట తప్పితే కొండ ఎక్కనివ్వదు. అందుకే ఈ ప్రయాణాన్ని చివరి మజిలీ నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

ఆ మజిలీ మాలకొండ. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి వారంలో ఒక్క శనివారమే తెరుస్తారు. ఆదివారం సెలవు కదా అని పోయినవాళ్లు మూసిన తలుపులకు దండం పెట్టుకుని రావడమే. కాబట్టి గురువారం సాయంత్రం నెల్లూరు నుంచి బయల్దేరి రాత్రికి ఉదయగిరిలో పడుకోండి. శుక్రవారం కొండ, శనివారం పొద్దున భైరవకోన, ఆ తర్వాత మాలకొండ పెట్టుకోండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక కోనలో నీళ్లుంటాయి, ఎండా తట్టుకోగలం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయగిరి ఎక్కే ఆలోచన మానుకోండి. రాయి కాగి కింద నుంచి కూడా వేడి కొడుతుంది.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. ఊరి మీద గోడలా నిలబడ్డ కొండ సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఈ దుర్గం కింద దాదాపు ఏడాదిన్నర దండు దించి కూర్చోవాల్సి వచ్చింది. బండలు పగలగొట్టించి దారి వెడల్పు చేయించుకుని, 1514లో ఒడిశాను ఏలిన గజపతుల చేతి నుంచి కోటను తీసుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఈ సంగతి తెలిసి ఎక్కితే దారి పక్కన కనిపించే ప్రతి బురుజు దగ్గరా కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఎక్కడం తెల్లారేసరికే మొదలవ్వాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తినడానికి పులిహోరో చపాతీలో, ఉప్పు వేసిన మజ్జిగ పెట్టుకోండి. పైన కొనుక్కోవడానికేమీ దొరకదు. కోనేళ్లలో నీళ్లు కనిపించినా తాగొద్దు. చెప్పులతో ఎక్కొద్దు, వేళ్లు మూసే పట్టున్న బూట్లు కావాలి. ఊళ్లో దారి తెలిసినవాళ్లను ఒకరిని వెంటబెట్టుకోండి. కంపచెట్లు కమ్మిన చోట కాలిబాట రెండుగా చీలుతుంది, గొర్రెలు తొక్కిన బాటే దారి అనుకుని పక్కకు పోయే ప్రమాదముంది. కూలి ఎంతో కిందే మాట్లాడుకోండి. గోడలు, మసీదులు చూసుకుంటూ ఎంత దూరం వెళ్లినా సరే, మధ్యాహ్నం పన్నెండుకల్లా దిగడం మొదలుపెట్టాలి. కాళ్లు వణికేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. చీకటి పడ్డాక ఆ మెట్ల మీద అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. ఎక్కలేనివాళ్లు కింద ఊళ్లోని రంగనాయకుల గుడి, గోపురం చూసినా రోజు వృథా కాదు.

సాయంత్రం దిలావర్ భాయ్ వీధికి వెళ్లండి. ఉదయగిరి చెక్క చెంచాలు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రను చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. చెంచా చేతికి తీసుకున్నప్పుడు ముందు మెడ చూడండి, అంటే కాడ గిన్నెలో కలిసే సన్నటి చోటు. చెక్క చారలు కాడ పొడవునా సాగి, తెగకుండా గిన్నెలోకి దిగితే అది ఏళ్లతరబడి ఉంటుంది. చారలు అక్కడ అడ్డంగా ఉంటే గట్టి కూర తిప్పిన రోజున విరుగుతుంది. తర్వాత గిన్నెను వెలుతురుకు పట్టి పగుళ్లున్నాయేమో చూడండి. ఇంటికొచ్చాక నీళ్లలో నానబెట్టొద్దు, పీచు లేస్తుంది. కడిగి నీడలో ఆరబెట్టి, నెలకోసారి కొబ్బరినూనె పట్టించండి. ఇంత ఓపికైన పనికి దయచేసి గీచిగీచి బేరమాడకండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కాబట్టి సాయంత్రం వెళ్లడమే మేలు.

శనివారం తెల్లవారుజామునే సీతారామపురం మీదుగా చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనకు బయల్దేరండి. బస్సులు తక్కువ, సొంత బండి లేకపోతే రానూపోనూ కారు మాట్లాడుకోవాలి. ఒకే కొండలో ఎనిమిది శివాలయాలు తొలిచారు. గర్భగుడి, స్తంభాలు అన్నీ ఆ కొండరాయే, లింగాలు మాత్రం వేరే రాతివి. ఎక్కువ గుహలు తూర్పుముఖంగా ఉన్నాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు స్తంభాల అడుగున కూర్చున్న సింహాల జూలు కూడా తేటగా కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో అదే శిల్పం చదునుగా తేలిపోతుంది. జలపాతం దగ్గర పాచి పట్టిన బండల మీద నిలబడి ఫోటోలు దిగొద్దు, జారితే కింద రాళ్లే. కార్తీక పౌర్ణమికి జనం విపరీతంగా వస్తారు. శిల్పం చూడాలనుకుంటే ఇంకో రోజు పెట్టుకోండి.

పదింటికల్లా అక్కడినుంచి కదిలి పామూరు మీదుగా మాలకొండ చేరండి. బయల్దేరే ముందే దర్శనం వేళలు ఫోనులో కనుక్కోండి. అమ్మవారి దగ్గరికి చీలిన బండల నడుమ ఇరుకు సందులోంచి పోవాలి. సంచులు వీపు మీద కాకుండా చేతిలో పట్టుకుని, పక్కకు తిరిగి నడవండి. పిల్లల్ని ముందు పంపండి. తిరుగు ప్రయాణానికి కందుకూరు మీదుగా సింగరాయకొండ వస్తే రైలూ హైవే రెండూ అందుతాయి.