టెన్సుల బిట్లు – 6వ పాఠం: సిన్స్ కనబడగానే హ్యావ్ పెట్టేస్తే ఏమవుతుంది

ఈ పాఠంలో ఫ్యూచర్ పర్ఫెక్ట్ మొదలుపెట్టాల్సింది. పెట్టడం లేదు. 5వ పాఠం చివర ఇచ్చిన పది బిట్లలో 3, 7, 9 నంబర్లు అందరినీ ఒకే గుంటలో పడేశాయి. ఆ గుంట తవ్వింది కూడా 5వ పాఠమే. యెస్టర్‌డే ఉంటే సింపుల్ పాస్ట్, సిన్స్ ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటూ అందులో ఒక చిన్న పట్టిక ఉంది. అది గుర్తుకోసం ఇచ్చింది. దాన్ని తాళంచెవి అనుకుని ప్రతి బిట్టులోనూ తిప్పితే తాళమే విరుగుతుంది. కాబట్టి ముందు ఆ మూడు బిట్లు.

ఒక మాట. ఇంగ్లిష్ వాక్యాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఉంటాయి. నోటుబుక్కులోకి ఎక్కించేటప్పుడు ఇంగ్లిష్‌లో రాసుకోండి. స్పెల్లింగుకు వేరే సాధన అక్కర్లేదు.

3వ బిట్: "ఇట్ ____ టెన్ ఇయర్స్ సిన్స్ వి లెఫ్ట్ గుంటూరు." ఆప్షన్లు: ఈజ్, ఆర్, వాజ్, హ్యావ్ బీన్. ఎక్కువమంది హ్యావ్ బీన్ పెట్టారు. సిన్స్ సంగతి తర్వాత, ముందు కర్త చూడండి. ఇట్ పక్కన హ్యావ్ ఎలా కూర్చుంటుంది? హ్యాజ్ బీన్ అని ఉంటే ఆలోచించాలి, అది కూడా సరైనదే. లేదు కాబట్టి మిగిలింది ఈజ్. "గుంటూరు వదిలి పదేళ్లయింది" అని తెలుగులో అంటాం కదా, ఆ లెక్క ఇవాళ కూర్చుని వేస్తున్నాం. అందుకే ఈజ్. ఆర్ అనేది టెన్ ఇయర్స్‌ను చూసి బోల్తాపడేవాళ్ల కోసం పెట్టిన వల.

7వ బిట్: "వెన్ ద బుడమేరు ఫ్లడెడ్ ఇన్ 2024, ద ఫ్యామిలీ ____ ఇన్ సింగ్ నగర్ సిన్స్ 1998." ఆప్షన్లు: హ్యాజ్ లివ్డ్, హ్యాడ్ లివ్డ్, ఈజ్ లివింగ్, లివ్స్. ఇక్కడ సిన్స్ చూసి హ్యాజ్ లివ్డ్ పెట్టారు. జవాబు హ్యాడ్ లివ్డ్.

9వ బిట్: "సిన్స్ ద ట్రెయిన్ ____ లేట్, వి వెయిటెడ్ ఆన్ ప్లాట్‌ఫామ్ సిక్స్." ఇక్కడ సిన్స్‌కు కాలంతో పనే లేదు, "కాబట్టి" అనే అర్థం. వెయిటెడ్ అని పక్కనే చెప్పేశాడు, జవాబు వాజ్. సిన్స్ తర్వాత 2015, మండే, చైల్డ్‌హుడ్ లాంటి మాటో, ఒకప్పుడు జరిగిన పనో లేకపోతే ముందు "కాబట్టి" పెట్టి చదవండి. అతికితే పట్టిక పక్కన పడేయండి.

ఇప్పుడు 7వ బిట్ లోపలికి వెళ్దాం. గేదెను గుంజకు కట్టేశారనుకోండి. సిన్స్ అనేది గుంజ. తాడు ఎక్కడ మొదలైందో అది చెబుతుంది, ఎక్కడిదాకా సాగిందో చెప్పదు. తాడు రెండో కొస ఇవాళ్టిదాకా వస్తే హ్యావ్ లేదా హ్యాజ్. గతంలోనే ఒకచోట ఆగితే హ్యాడ్. సింగ్ నగర్ కుటుంబానికి గుంజ 1998, కొస 2024 వరద రోజు. వరద వచ్చిన రోజున నిలబడి వెనక్కి చూస్తున్నాం. ఆ రోజు గడిచిపోయింది కాబట్టి హ్యాడ్. అదే వాక్యంలో మొదటి సగం తీసేసి "ద ఫ్యామిలీ ____ ఇన్ సింగ్ నగర్ సిన్స్ 1998" అని మాత్రమే ఇస్తే హ్యాజ్ లివ్డ్ కరెక్ట్. సిన్స్ మారలేదు, సంవత్సరం మారలేదు, జవాబు మారింది.

కాబట్టి బిట్ చేసే వరుస ఇది. ముందు ఆప్షన్లు చూడకండి. ఖాళీ కాక వాక్యంలో ఉన్న మిగతా క్రియల కింద గీత పెట్టండి. కంప్యూటర్ పరీక్షలో గీత కుదరదు, రఫ్ కాగితం మీద ఆ క్రియ ఒక్కటి రాసుకుంటే చాలు. తర్వాత చెప్పేవాడు ఏ రోజున నిలబడి చెబుతున్నాడో తేల్చండి. అప్పుడు ఆప్షన్లకు వచ్చి కర్తకు పొసగనివి కొట్టేయండి. టైమ్ చెప్పే మాటను అన్నిటికంటే చివర చూడాలి. పోయినసారి దాన్నే మొదట చూశారు, అక్కడే వచ్చింది తంటా. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్ 1లో గంటలో వంద ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 36 సెకన్లు. తప్పుకు అర మార్కు పోతుంది. టెన్స్ బిట్‌కు 20 సెకన్లు దాటితే ఏ రోజున నిలబడ్డాడో మీకు దొరకలేదని అర్థం. వదిలేసి ముందుకు పోవడమే లాభం.

సిన్స్ తర్వాత వచ్చే క్రియలో ఖాళీ ఉంటే మాత్రం మామూలుగా సింపుల్ పాస్టే. "సిన్స్ షి ____ ద బ్యాంక్, షి హ్యాజ్ నాట్ టేకెన్ ఎ సింగిల్ డే ఆఫ్" అంటే జాయిన్డ్. రెండువైపులా హ్యాజ్ పెట్టి జోడీ కుదిరిందని సంబరపడకండి. చేరడం గుంజ, సెలవు పెట్టకపోవడం తాడు.

ఫర్ విషయంలో తెలుగు మీకు ఒక అక్షరం ఉచితంగా ఇస్తోంది, వాడుకోవడం లేదు. "తెనాలిలో మూడేళ్లు పనిచేశాడు", "తెనాలిలో మూడేళ్లుగా పనిచేస్తున్నాడు" అనే రెండిట్లో తేడా ఆ "గా"లో ఉంది. గా ఉంటే తాడు ఇంకా సాగుతోంది: హ్యాజ్ బీన్ వర్కింగ్. గా లేకపోతే ముడి పడిపోయింది: వర్క్‌డ్. "హి ____ ఇన్ తెనాలి ఫర్ త్రీ ఇయర్స్ అండ్ దెన్ మూవ్డ్ టు ఏలూరు" అన్నప్పుడు మూడేళ్లు పనిచేసి ఏలూరు వెళ్లిపోయాడు. గా పెట్టి చూడండి, నోరు తిరగదు. కాబట్టి వర్క్‌డ్. ఫర్ ఉన్నంత మాత్రాన పర్ఫెక్ట్ రాదు.

ఇదే తెలుగు ఇంకోచోట ముంచుతుంది. "ఇప్పుడు చదువుతున్నాను", "ఐదేళ్లుగా చదువుతున్నాను" రెండిట్లోనూ మన క్రియ ఒకటే, చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో మొదటిది యామ్ స్టడీయింగ్, రెండోది హ్యావ్ బీన్ స్టడీయింగ్. "ఐ యామ్ స్టడీయింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అని మన నోటికి వచ్చేది ఇందుకే, పేపర్ తయారుచేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. తప్పున్న ముక్క పట్టుకోమనే స్పాటింగ్ ఎర్రర్స్‌లో యామ్, ఈజ్, ఆర్ పక్కన ఐఎన్‌జీ రూపం ఉండి అదే వాక్యంలో సిన్స్ 2018 లాంటిదో ఫర్ ఫైవ్ ఇయర్స్ లాంటిదో ఉంటే తప్పు చాలావరకు అక్కడే. "నాకు ఆయన పదేళ్లుగా తెలుసు" లాంటివాటికి హ్యావ్ నోన్. హ్యావ్ బీన్ నోయింగ్ లేదు. నో, ఓన్, బిలాంగ్, బిలీవ్ లాంటి క్రియలకు ఐఎన్‌జీ తగిలించకండి. డిడ్ తర్వాత మొదటి రూపం, హ్యావ్ తర్వాత మూడో రూపం అనేది ఈ పాఠంలో మళ్లీ చెప్పను.

ఇప్పుడు హ్యాడ్. దీని మీద కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి. సంఘటన పాతదైతే హ్యాడ్ పెట్టాలనే నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో గాని, జిరాక్స్ కట్టల్లో చేతులు మారుతూ బతికేస్తోంది. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. "ద ప్రకాశం బ్యారేజ్ హ్యాడ్ బీన్ కంప్లీటెడ్ ఇన్ 1957" అని విడిగా రాస్తే తప్పు. వాజ్ కంప్లీటెడ్ చాలు. పింగళి వెంకయ్య 1921లో విజయవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు: గేవ్. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది: బిగాన్. శాతవాహనులు ఏలారు: రూల్డ్. రెండువేల ఏళ్లు వెనక్కి వెళ్లినా హ్యాడ్ రాదు. హ్యాడ్ వయసును కొలిచేది కాదు. దానికి ముందు-వెనకల గొడవ ఉండాలి, అంటే వాక్యంలోనో పక్క వాక్యంలోనో ఇంకో గతం కనబడాలి, ఈ పని దానికంటే ముందు అయిపోయి ఉండాలి. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది, 1952లో గండిపడింది. "ద ఓల్డ్ యానికట్ హ్యాడ్ స్టుడ్ ఫర్ నియర్లీ ఎ హండ్రెడ్ ఇయర్స్ వెన్ ఇట్ బ్రీచ్డ్ ఇన్ 1952." ఇక్కడ హ్యాడ్ న్యాయంగా వచ్చింది, ఎందుకంటే 1952లో నిలబడి అంతకుముందు వందేళ్లను చూస్తున్నాం.

తెలుగులో "అప్పటికే" పెట్టి చూడండి. "మేం స్టేషన్‌కు చేరేసరికి పినాకిని ఎక్స్‌ప్రెస్ అప్పటికే వెళ్లిపోయింది." అతికింది, హ్యాడ్ లెఫ్ట్. "మేం బండి ఎక్కగానే పినాకిని కదిలింది." ఇందులోకి అప్పటికే దూరదు, రెండూ సింపుల్ పాస్ట్. ఇంగ్లిష్‌లో రెండుచోట్లా వెన్ అనే ఉంటుంది, అదే చిక్కు. వెన్ కనబడగానే "చేరేసరికి"నా, "చేరగానే"నా అని అడగండి. బిట్‌లో ఆధారం ఎక్కడో ఒకచోట పెడతారు. "వెన్ వి రీచ్డ్ విజయవాడ స్టేషన్, ద పినాకిని ____, సో వి టుక్ ఎ బస్." బస్సెక్కాల్సి వచ్చిందంటే బండి దొరకలేదు. హ్యాడ్ లెఫ్ట్.

వరసగా జరిగిన పనులకు హ్యాడ్ వద్దు. "హి లాక్డ్ ద షాప్, టుక్ ద కీస్ అండ్ వెంట్ హోమ్." కొట్టుకు తాళం వేసి, తాళంచెవులు తీసుకుని, ఇంటికెళ్లాడు. తెలుగులో వేసి, తీసుకుని అని గొలుసు వస్తోందంటే ఇంగ్లిష్‌లో అన్నీ సింపుల్ పాస్టే. మొదటిపని ముందు జరిగింది కదా అని హ్యాడ్ లాక్డ్ పెట్టడం అనవసరం. చెప్పిన వరసే జరిగిన వరస అయినప్పుడు హ్యాడ్‌కు చేయడానికి పనేమీ లేదు.

బిఫోర్, ఆఫ్టర్ ఉన్నచోట ఒక అడ్డదారి: హ్యాడ్ ఆఫ్టర్ పక్కన కూర్చుంటుంది, బిఫోర్ పక్కన కూర్చోదు. "ఆఫ్టర్ షి హ్యాడ్ పాస్డ్ డీఎస్సీ, షి బాట్ ఎ స్కూటర్." బిఫోర్ పెడితే తిరగబడుతుంది: "షి హ్యాడ్ పాస్డ్ డీఎస్సీ బిఫోర్ షి బాట్ ఎ స్కూటర్." "బిఫోర్ షి హ్యాడ్ బాట్, షి పాస్డ్" అని అటుదిటు చేసి ఇచ్చే ఆప్షన్ మామూలుగా తప్పుగా ఉంచేదే. నూటికి నూరుపాళ్లు కాదు. "హి లెఫ్ట్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్" లాంటివి మంచి ఇంగ్లిషే, పరీక్షల్లో అరుదు. ఇంకో సంగతి, ఆఫ్టర్ ఉన్నా హ్యాడ్ తప్పనిసరి కాదు, "ఆఫ్టర్ షి పాస్డ్" కూడా ఒప్పే. ఆఫ్టర్ పక్కన ఖాళీకి పాస్డ్, హ్యాజ్ పాస్డ్, వాజ్ పాసింగ్, విల్ పాస్ మాత్రమే ఇస్తే హ్యాడ్ లేదని గాబరా పడకుండా పాస్డ్ పెట్టండి. పాస్డ్, హ్యాడ్ పాస్డ్ రెండూ ఇస్తే హ్యాడ్ వైపే మొగ్గుతాను. జవాబుల కీ తయారుచేసేవాళ్ల అలవాటును బట్టి వేసిన లెక్క అది, వ్యాకరణ సూత్రం కాదు.

నో సూనర్, హార్డ్‌లీ వాక్యం మొదట్లో ఉంటే హ్యాడ్ కర్తకు ముందు వస్తుంది, నో సూనర్‌కు దాన్, హార్డ్‌లీకి వెన్ జోడీ. అంతే. ఇఫ్, వెన్ తర్వాత విల్ వద్దన్నది ఇదివరకే చెప్పుకున్నాం. "అతను వస్తే చెబుతాను" అంటాం గాని "వస్తాడితే" అనం కదా, తెలుగు చెవిని నమ్మండి. "ద టీచర్ సెడ్ దట్ ద కృష్ణా ____ ఇంటు ద బే ఆఫ్ బెంగాల్" అంటే ఫ్లోస్. సెడ్ ఉన్నా నది ఇంకా పారుతూనే ఉంది.

సాధన ఈసారి ఒక్కటే, పొట్టిది కాదు. ఆప్షన్లు లేవు.

"లక్ష్మి 1____ ఇన్ ఎ చిల్లీ కోల్డ్ స్టోరేజ్ ఇన్ గుంటూరు సిన్స్ 2019. బిఫోర్ దట్, షి 2____ ఇన్ ఎ స్కూల్ ఎట్ మంగళగిరి ఫర్ త్రీ ఇయర్స్. వెన్ షి 3____ ఫర్ ద జాబ్, ద ఓనర్ 4____ ఆల్రెడీ ఎలెవెన్ పీపుల్. సిన్స్ ఇట్ 5____ ద మిర్చి సీజన్, హి 6____ సంబడీ ఎట్ వన్స్. ఇట్ 7____ ఎ లాంగ్ టైమ్ సిన్స్ షి లాస్ట్ 8____ ఎ క్లాస్‌రూమ్, బట్ షి స్టిల్ 9____ ఎవ్రీ పోయెమ్ బై హార్ట్."

క్రియలు వరుసగా: వర్క్, టీచ్, అప్లై, ఇంటర్వ్యూ, బి, వాంట్, బి, ఎంటర్, నో. ఆల్రెడీ ఎక్కడ కూర్చోవాలో 4వ ఖాళీలో మీరే సర్దండి. ప్రతి ఖాళీకి జవాబు పక్కన కారణం తెలుగులో ఒక్క వాక్యం రాయాలి, "సిన్స్ ఉంది కాబట్టి" అనేది కారణంగా చెల్లదు. 1వ దానికి, 2వ దానికి, 7వ దానికి రెండేసి జవాబులు చెల్లుతాయి. రెండూ రాయండి.

అది అయ్యాక పేరా మొదట్లో "లక్ష్మి లెఫ్ట్ గుంటూరు ఇన్ 2023" అనే వాక్యం చేర్చండి. ఇప్పుడు ఆమె గుంటూరు వదిలిన రోజున నిలబడి తొమ్మిది ఖాళీలూ మళ్లీ నింపండి. ఏవి మారాయో ఎర్ర పెన్నుతో చుట్టండి. మూడు మారాలి. నాలుగు మారితే 8వ దానిమీద మరోసారి కూర్చోండి. కీ, ఫ్యూచర్ పర్ఫెక్ట్ 7వ పాఠంలో.