ఢిల్లీ–టోక్యో: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టే పద్ధతి

ముందు రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు రాసుకోండి. ఢిల్లీ 28.57 ఉత్తరం, 77.10 తూర్పు. టోక్యో హనెడా 35.55 ఉత్తరం, 139.78 తూర్పు. ఇక్కడే చాలామంది పొరబడతారు: 28 డిగ్రీల 34 నిమిషాలంటే 28.34 కాదు. నిమిషాలను 60తో భాగించాలి, అప్పుడు 28.57 వస్తుంది.

రెండు అక్షాంశాల సైన్‌లను హెచ్చవేయండి: 0.278. రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా (62.68) కొసైన్‌తో హెచ్చవేయండి: 0.328. రెండూ కలిపితే 0.606. దాని ఆర్క్ కొసైన్, అంటే ఆ కొసైన్ విలువ ఉన్న కోణం, 52.7 డిగ్రీలు. భూమి మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున దాదాపు 5,860 కి.మీ. ఎక్సెల్‌లో చేస్తే డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చాలి, లేకపోతే అర్థంలేని అంకె వస్తుంది. ఇదే దూరం 3,162 నాటికల్ మైళ్లు. వాటిని మామూలు మైళ్లనుకుని 1.609తో హెచ్చవేస్తే 770 కి.మీ. తగ్గిపోతుంది. హెచ్చవేయాల్సింది 1.852తో.

గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది టిబెట్ మీదుగా పోతుంది. విమానం మాత్రం అటు పోదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. టిబెట్ పీఠభూమే సగటున 14,000 అడుగుల పైన ఉంటుంది. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ వచ్చేదేమో సాధారణంగా 12 నుంచి 20 నిమిషాలే. అందుకే హిమాలయాలకు దక్షిణంగా తూర్పుకు వెళ్లి, ఆ తర్వాత చైనాలోకి తిరుగుతాయి. చైనాలోని కున్‌మింగ్ మీదుగా లెక్కేస్తే, ఢిల్లీ నుంచి అక్కడికి 2,570, అక్కణ్నుంచి టోక్యోకు 3,720 కలిపి 6,290 కి.మీ. సమయానికి ఈ దూరమే వాడండి.

ఇక గాలి. లెక్కంతా తారుమారయ్యేది దీనివల్లే. జపాన్ మీద చలికాలంలో పడమటి నుంచి తూర్పుకు చాలా ఎత్తులో వీచే గాలి, అంటే జెట్ స్ట్రీమ్, చాలా బలమైనది. విమాన వేగం గంటకు 900, దారి పొడవునా గాలి సగటున 120 కి.మీ. అనుకుందాం. వెళ్లేటప్పుడు 1,020 వేగంతో 6 గంటల 10 నిమిషాలు, వచ్చేటప్పుడు 780తో 8 గంటల 4 నిమిషాలు. పైకెక్కడం, దిగడం, విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం కలిపి 45 నిమిషాలు చేర్చండి: 6 గంటల 55 నిమిషాలు, 8 గంటల 49 నిమిషాలు. టికెట్ మీద ఇంకొంచెం ఎక్కువే వేస్తారు, ఆలస్యాలకు వెసులుబాటుగా. వేసవిలో గాలి మెత్తబడి ఈ తేడా తగ్గుతుంది.

టికెట్ మీదవి ఎప్పుడూ స్థానిక సమయాలే. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ వేసవిలో గడియారం మార్చరు కాబట్టి ఏడాదంతా ఇదే తేడా. రాత్రి 8కి ఢిల్లీలో ఎక్కి ఉదయం 7కి దిగితే ప్రయాణం పదకొండు గంటలు కాదు, ఏడున్నరే. వచ్చేటప్పుడు ఉదయం 11కి బయల్దేరి సాయంత్రం 5కి దిగితే ఆరు గంటలు కాదు, తొమ్మిదున్నర. తూర్పుకు వెళ్తే మూడున్నర తీసెయ్యండి, పడమటికి వస్తే కలపండి.