పక్షుల సీజన్ ముందు పాత టెలీ లెన్స్ కొనేవాళ్లకు జాగ్రత్తలు

దసరా దాటి పొద్దున పూట కాస్త చలి తగిలిందంటే మా స్టూడియోకు కాలేజీ పిల్లలు రావడం మొదలుపెడతారు. "అన్నా, ఉదయ సముద్రం కాడ కొంగలు మస్తుగ దిగినయ్. కిట్ లెన్స్‌తోని చుక్కల్లెక్క వస్తున్నయ్. తక్కువల ఏదన్న పాత టెలీ లెన్స్ ఉంటే చెప్పరాదు" అంటూ ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. నల్లటి లోహపు గొట్టం, దాని మీద తెల్ల అంకెలు, కింద ధర. ఇది మంచిదేనా అని అడుగుతారు. ఫొటో చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు.

నల్లగొండలో పెళ్లిళ్లు తీసి బతుకుతున్నవాణ్ని. ముహూర్తాలు లేని రోజుల్లో తెల్లారేసరికి పానగల్‌లో ఉదయ సముద్రం చెరువు కట్ట మీద ఉంటాను. పాత లెన్సులంటే నాకు ప్రాణం. నలభై యాభై ఏళ్ల కింద చేసిన గాజు ఇవాళ్టి డిజిటల్ కెమెరాకు తగిలిస్తే కొంగ మెడ మీది ఈక కూడా విడిగా కనిపిస్తుంది. అందుకే కొనొద్దని చెప్పను, కొనే వరస మార్చుకోమని చెప్తాను. చాలామంది ముందు పేరు చూస్తారు, తర్వాత మిల్లీమీటర్లు, అంటే దూరపుదాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే అంకె, చూస్తారు. తన కెమెరాకు అది పడుతుందా అన్నది డబ్బులు పంపాక గుర్తొస్తుంది. మొదట చూడాల్సింది మౌంట్, అంటే లెన్స్ కెమెరాకు బిగిసే చోటు. తర్వాత లోపలి అద్దం. పేరు ఆఖరున.

మౌంట్ సంగతి ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, పోయినేడు ఒక తమ్ముడు 135 మి.మీ. పాత స్క్రూ లెన్స్ తెచ్చాడు. అద్దం కడిగిన ముత్యంలా ఉంది. అతనిది నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్. రెంటినీ కలిపే అడాప్టర్ రింగు కూడా కొనుక్కున్నాడు. స్టూడియోలో నా ముఖం బ్రహ్మాండంగా వచ్చింది. కట్ట మీదికి పోయాక మాత్రం నీళ్లల్లో నిలబడ్డ కొంగ ఎంత తిప్పినా మసకగానే ఉంది. లెన్స్‌లో ఏ లోపమూ లేదు. ఎమ్42 అనే ఆ స్క్రూ లెన్సులు సెన్సార్‌కు 45.46 మి.మీ. దూరంలో కూర్చోవాలి. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో మౌంట్ నుంచి సెన్సార్ దాకా దూరమే 46.5 మి.మీ., దానికి రింగు మందం తోడు. అంతా కలిపి లెన్స్ రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగిందనుకుంటే, 135 లెన్స్ సుమారు తొమ్మిది మీటర్లు దాటి ఫోకస్ కాదు. పెళ్లిలో పనికొస్తుంది, చెరువు మీద పనికిరాదు. మధ్యలో చిన్న అద్దం బిగించిన రింగులు కూడా అమ్ముతారు. వాటితో దూరం ఫోకస్ అవుతుంది గానీ ఆ చవక అద్దం బొమ్మ పదును తినేస్తుంది. నేనైతే కొననివ్వను.

క్యానన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. ఈఎఫ్ మౌంట్ దూరం 44 మి.మీ. కాబట్టి ఎమ్42, పెంటాక్స్ కె, ఒలింపస్ ఓఎమ్, పాత నికాన్ లెన్సులు అన్నీ సాదా రింగుతో ఎక్కుతాయి, దూరమూ ఫోకస్ అవుతుంది. చిత్రంగా క్యానన్ సొంత పాత ఎఫ్‌డీ లెన్సులే ఎక్కవు. వాటి దూరం 42 మి.మీ. 1987లో క్యానన్ మౌంట్ మొత్తం మార్చేసింది. "క్యానన్‌కు క్యానన్ పడదా" అని ఎఫ్‌డీ కొని బాధపడ్డవాళ్లను చూశాను.

నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్లు నికాన్ పాత లెన్సే చూసుకోవాలి. 1959 నుంచి ఆ మౌంట్ ఆకారం మారలేదు. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి. 1977లో ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి వచ్చింది, లెన్స్ అపెర్చర్ ఎంతో కెమెరాకు తెలిపే ఏర్పాటు అది. అంతకు ముందటి లెన్సును మార్పు చేయించకుండా డీ7000 లాంటి కెమెరాకు బిగిస్తే మౌంట్ అంచున ఉండే చిన్న మీట విరగొచ్చు. రెండోది, డీ3000, డీ5000 వరస కెమెరాల్లో ఈ పాత మాన్యువల్ లెన్సులు పెడితే వెలుగు కొలిచే మీటర్ పనిచేయదు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఒకటి తీసి, వెలుగు ఎక్కువో తక్కువో చూపే హిస్టోగ్రామ్ చూసి సరిచేసుకోవాలి. నాలుగు రోజుల్లో చేయి అలవాటవుతుంది.

మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా, ఉంటే ఈ బాధ లేదు. సోనీ ఈ మౌంట్ 18 మి.మీ., నికాన్ జెడ్ 16, క్యానన్ ఆర్‌ఎఫ్ 20. రింగుకు కావలసినంత చోటు ఉంటుంది, దాదాపు ఏ పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్సయినా ఎక్కుతుంది. మెనూలో లెన్స్ లేకున్నా షట్టర్ పడేలా సెట్ చేయండి. అది తెలియక రింగు పాడైందని వాపసు పంపినవాళ్లున్నారు. బాడీలో చేతి వణుకు ఆపే స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో మీరే నమోదు చేయాలి.

ఇక అద్దం. నేను మోసపోయింది ఇక్కడే.

చాలా ఏళ్ల కింద, వానలు తగ్గిన కొత్తలో, హైదరాబాద్‌లో ఒక దుకాణంలో 200 మి.మీ. లెన్స్ కొన్నాను. తోలు కేసు, లోపల ఎర్రటి మఖమలు, మూత మీద గీత కూడా లేదు. ట్యూబ్‌లైట్ కింద ముందు నుంచి చూశాను, తళతళలాడింది. మర్నాడు పొద్దున పానగల్ కట్ట మీద సూర్యుడికి ఎదురుగా పెట్టేసరికి బొమ్మంతా పలచని మజ్జిగ పోసినట్టు తెల్లబారింది. ఇంటికొచ్చి లైటార్పి ఫోన్ టార్చ్ వెనక నుంచి కొట్టి చూస్తే రెండో అద్దం అంచు నుంచి నడిమి దాకా సన్నటి వేళ్లు పాకి ఉన్నాయి. ఫంగస్. బాగు చేసినాయన తుడిచాడు గానీ ఫంగస్ పాకిన చోట అద్దం మీది పూతను (కోటింగ్) తినేసి ఉంది, ఆ గుర్తులు పోలేదు. ఆ అందమైన తోలు కేసే దానికి తేమ పట్టి ఉంచింది.

కాబట్టి ఏ లెన్సయినా చేతికి రాగానే దుకాణంలో చీకటి మూల వెతుక్కోండి. అపెర్చర్ (వెలుగు లోపలికి పోయే రంధ్రం) పూర్తిగా తెరవండి. టార్చ్ వెనక పెట్టి ముందు నుంచి చూడండి, కానీ వెలుగుకు సూటిగా కాదు, కొంచెం ఏటవాలుగా. లెన్సును నెమ్మదిగా వంచుతూ ఒక్కో అద్దం దాటుకుంటూ లోపలికి చూడాలి. తర్వాత తిప్పి వెనక నుంచి అదే చేయండి. లోపల దుమ్ము రేణువులు ఎన్నో కనిపిస్తాయి, భయపడకండి. ఎంత మంచి పాత లెన్సులోనైనా అవి ఉంటాయి, బొమ్మ మీద పడవు. సాలెగూడులాగానో చెట్టు వేళ్లలాగానో ఉంటే ఫంగస్. స్టీలు గ్లాసు మీద ఊపిరి ఊదినట్టు పలచటి పొర ఉంటే హేజ్. అంచున సబ్బు నురగ రంగులు మెరిస్తే రెండు అద్దాలను అతికించిన జిగురు విడిపోతోందని అర్థం, దాన్ని ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. ముందు అద్దం మీద సన్న గీత ఉంటే ధర తగ్గించమనండి. వెనక అద్దం మీద అంతే గీత ఉంటే వద్దనండి, సెన్సార్‌కు దగ్గరగా ఉన్నదే బొమ్మను ఎక్కువ చెడగొడుతుంది.

అపెర్చర్ రేకుల మీద నూనె మెరుపు కూడా చూడండి. మన పాలమూరు, నల్లగొండ ఎండలకు బండి డిక్కీలోనో కారులోనో పెట్టిన లెన్సుల్లో గ్రీజు కరిగి రేకుల మీదికి పాకుతుంది. వెనక చిన్న పిన్ ఉంటే వేలితో నొక్కి వదలండి. రేకులు చటుక్కున కదలాలి. బద్ధకంగా కదిలితే సర్వీసు ఖర్చు ధరలోంచి తీసేయమనండి. ఫోకస్ రింగు చిక్కటి తేనెలో చెంచా తిప్పినట్టు ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా బిగుసుకుని, ఇంకోచోట జారితే లోపలి గ్రీజు ఎండిందన్నమాట. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో ఇంట్లో విప్పారు. మీరు మాత్రం విప్పకండి. ఫోకస్ గొట్టంలో మరలు ఎక్కడ మొదలయ్యాయో గుర్తు పెట్టుకోకుండా ఊడదీస్తే మళ్లీ సరిగ్గా కూర్చోదు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవేవీ చేయలేరు. టార్చ్ వెలుగులో తీసిన ఫొటోలు ముందు వెనక రెండువైపులవీ అడగండి, పంపని వాళ్ల దగ్గర కొనకండి. "మింట్" అన్న మాటను పట్టించుకోకుండా కింద చిన్న అక్షరాల్లో హేజ్, ఫంగస్ గురించి ఏం రాశారో చదవండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ రుసుము కూడా కలుపుకుని లెక్క వేయండి. డబ్బా విప్పేటప్పుడు మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. ఇంకో మాట, లెన్స్ మీద "ఆటో" అని చెక్కి ఉంటే అది ఆటోఫోకస్ కాదు. ఫొటో తీసే క్షణంలో రేకులు తమంతట మూసుకుంటాయని ఆనాటి అర్థం. దీన్ని నమ్మి కొన్న పిల్లలు నా దగ్గరికే ముగ్గురు వచ్చారు.

ఎన్ని మిల్లీమీటర్లు కావాలన్నది ఊహతో కాకుండా లెక్కతో తేల్చుకోండి. వంద అడుగుల దూరంలో రెండడుగుల ఎత్తు కొంగ నిలబడింది. 135 లెన్స్ దాన్ని సెన్సార్ మీద 2.7 మి.మీ. ఎత్తుగా గీస్తుంది. 200 అయితే 4, 300 అయితే 6. చాలా కెమెరాల్లో ఉండే చిన్న సైజు క్రాప్ సెన్సార్ ఎత్తు దాదాపు 15 నుంచి 16 మి.మీ. అంటే 200తో కొంగ ఫ్రేములో నాలుగో వంతు. ఇంకో యాభై అడుగులు నెమ్మదిగా దగ్గరికి పోగలిగితే సగం. ఈ లెక్క చూసే మొదటిసారి కొనేవాళ్లకు నేను 200 మి.మీ. ఎఫ్4 చెప్తాను. ఎఫ్ పక్కన అంకె అపెర్చర్ కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది, వెలుగు తక్కువ. పెంటాక్స్-ఎమ్ 200 ఎఫ్4 బరువు 400 గ్రాముల చిల్లరే. రష్యా జూపిటర్-21ఎమ్ కూడా 200 ఎఫ్4, కానీ దాదాపు కిలో తూగుతుంది. గుళ్లలో శిల్పాలు, మనుషుల ముఖాలు కూడా తీస్తామంటే జూపిటర్-37ఏ 135 ఎఫ్3.5 మంచిది. దాని పన్నెండు రేకుల వల్ల వెనక మసక గుండ్రంగా, మెత్తగా వస్తుంది. 500 మి.మీ. అద్దాల లెన్స్, అదే మిర్రర్ లెన్స్, చిన్నగా చవకగా కనిపించి ఊరిస్తుంది. అది సాధారణంగా ఎఫ్8 దగ్గరే ఉంటుంది, తగ్గదు పెరగదు. మిట్టమధ్యాహ్నం ఎండ లేకపోతే చేతిలో పట్టుకుని తీయలేరు. మొదటి లెన్సుగా వద్దు. పాత జూమ్‌లలో అద్దాలు ఎక్కువ, ఫంగస్ దాక్కునే చోట్లూ ఎక్కువ.

ఎగిరే పక్షే కావాలంటే మాత్రం నిజం చెప్తాను, పాత మాన్యువల్ లెన్స్ జోలికి పోకండి. ఐదు మీటర్ల దూరంలో 200 ఎఫ్4కు ఫోకస్ లోతు, అంటే ముందు వెనక పదునుగా వచ్చే మేర, సుమారు పది సెంటీమీటర్లు. ఎగిరే పక్షి దాన్ని దాటడానికి రెప్పపాటు చాలు. ఆ డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో క్యానన్ 55-250 ఐఎస్ లేదా నికాన్ 55-200 వీఆర్ వెతుక్కోండి. వాటికి ఆటోఫోకస్ ఉంది, చేతి వణుకు ఆపే ఏర్పాటూ ఉంది.

కట్ట మీదికి పోయాక షట్టర్ కనీసం సెకనులో 500వ వంతు పెట్టండి. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ స్పందించే స్థాయి) పెరిగినా ఫర్వాలేదు, వణికిన బొమ్మను ఎవరూ బాగు చేయలేరు. తెల్ల కొంగ అంచుల చుట్టూ ఊదా గీత వస్తుంటే అపెర్చర్ ఎఫ్5.6, ఎఫ్8కి మూయండి, చాలా వరకు తగ్గుతుంది. బరువైన లెన్స్ ఉంటే కెమెరాను కాదు, లెన్సునే పట్టుకోండి. లేకపోతే రింగు మీద, మౌంట్ మీద బరువంతా పడుతుంది. ఉదయించే సూర్యుణ్ని డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లోంచి టెలీతో చూడకండి, కన్ను పోతుంది. మిర్రర్‌లెస్‌ను ఎండకేసి తెరిచి పెట్టి వదిలేస్తే సెన్సారో షట్టర్ తెరో కాలుతుంది. నడిచేటప్పుడు మూత పెట్టండి. అమ్రాబాద్ అడవిలో సఫారీకి పోతే చెట్ల కింద వెలుగు తక్కువ, ఎఫ్5.6 జూమ్ అక్కడ చేతులెత్తేస్తుంది. గూళ్ల దగ్గరికి మాత్రం ఏ లెన్స్‌తోనూ పోవద్దు. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే మన ఎండకు గుడ్లు నిలవవు.

ఇంటికి తెచ్చాక తోలు కేసును షోకేసులో పెట్టుకోండి, లెన్సును అందులో పెట్టకండి. గాలి చొరని వంటింటి ప్లాస్టిక్ డబ్బా, రంగు మారే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. బియ్యంలో పెడితే పొడి లోపలికి పోతుంది. ఫంగస్ విత్తులు గాలిలో అంతటా ఉంటాయి, వాటిని ఆపలేం, ఆపగలిగేది తేమనే. వారానికోసారి తీసి నాలుగు ఫొటోలు తీయడం కూడా దానికి మందే.

చేతికొచ్చిన మర్నాడే ఒక పరీక్ష చేయండి. పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం స్తంభాల మీద సన్న చెక్కడాలున్నాయి, రాయి కదలదు. ట్రైపాడ్ మీద పెట్టి, ఎదురుగా నిలబడి, ఎఫ్4, 5.6, 8 దగ్గర ఒక్కొక్కటి తీయండి. కంప్యూటర్‌లో పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. మూలలన్నీ సమానంగా కాస్త మెత్తగా ఉంటే అది పాత లెన్స్ స్వభావం, మూస్తే సర్దుకుంటుంది. ఎడమవైపు పదునుగా ఉండి కుడివైపు ఎఫ్8లో కూడా మసకగా ఉంటే, ముందు కెమెరా రాయికి సూటిగానే ఉందా అని చూసుకుని ఇంకోసారి తీయండి. మళ్లీ అదే వస్తే లోపల అద్దం పక్కకు ఒరిగింది. తిరిగి తీసుకునే గడువు దాటకముందే అమ్మినవాళ్లకు ఇచ్చేయండి.