డిగ్రీలో ఉండగా ఆర్మీ: అగ్నివీర్‌గా వెళ్లాలా, ఆఫీసర్ కోసం ఆగాలా?

ముందు మీ టెన్త్ మెమో తీసి పుట్టినతేదీ చూడండి. ఇంట్లోవాళ్లు చెప్పే వయసు పక్కన పెట్టండి. స్కూల్లో చేర్చేటప్పుడు మాస్టారు తోచినట్టు వేసిన తేదీ అయినా సరే, ఆర్మీ లెక్కలో మీరు పుట్టింది ఆ రోజే.

నేను ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. లీవు కాగితాలు, జీతాల లెక్కలు, ప్రమోషన్ ఫైళ్లు, ఇదీ నా పని. ఇప్పుడు పొద్దున్నే మా ఊరి కాలేజీ గ్రౌండ్‌లో పిల్లల్ని పరిగెత్తిస్తుంటాను. రన్నింగ్ అయ్యాక వాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "సార్, డిగ్రీ ఆపేసి అగ్నివీర్‌కి వెళ్లిపోనా, పూర్తి చేసి ఆఫీసర్‌కి ట్రై చేయనా?" అందరికీ ఒకే జవాబు చెల్లదు. ఎవరికి వాళ్లు తేల్చుకోవాలంటే ఏమేం చూసుకోవాలో చెబుతాను.

మొదటిది వయసు. నాలుగేళ్లకు జవాన్లుగా తీసుకునే పథకం అగ్నిపథ్, అందులో చేరినవాళ్లే అగ్నివీర్‌లు. దాన్ని 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు వయసు 17½ నుంచి 21 అని పెట్టారు. ఆ ఒక్క ఏడాదికి 23 దాకా సడలించారు. ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య పుట్టినవాళ్లు అర్హులో ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు వదిలేసి దాన్నే చదవండి. ఆఫీసర్ వైపు లెక్క వేరు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి డెహ్రాడూన్‌లో ఆఫీసర్లకు ట్రైనింగ్ ఇచ్చే ఐఎంఏకి (ఇండియన్ మిలిటరీ అకాడమీ) వెళ్లాలంటే, కోర్సు మొదలయ్యే నాటికి వయసు 19 నుంచి 24 మధ్య ఉండాలి. చెన్నైలోని ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) 25 దాకా అవకాశం ఉంది. డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. వయసు ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా రాయొచ్చు.

అంటే మీరు కాలేజీలో ఉండగానే అగ్నివీర్ వయసు అయిపోవస్తుంది, ఆఫీసర్ వయసేమో అప్పుడే మొదలవుతుంది. ఇది చూసి చాలామంది కంగారుపడి, మళ్లీ దొరకదేమోనని ముందున్నదాన్ని పట్టుకుంటారు. నన్నడిగితే, ఫైనలియర్‌లోకి వచ్చినవాడు డిగ్రీ ఆపి వెళ్లడం శుద్ధ దండగ. ఇంకో ఏడాది ఓపిక పడితే సీడీఎస్ చేతిలో ఉంటుంది, అది రాకపోయినా డిగ్రీ ఉంటుంది. ఫస్టియర్‌లో ఉన్నవాడి సంగతి అలా కాదు. వాడు ఇల్లు చూసుకోవాలి.

ఇల్లు అంటే డబ్బు. అగ్నివీర్‌కి మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 సేవానిధికి (చివర్లో ఒకేసారి ఇచ్చే పొదుపు నిధి) కోసుకుంటారు, చేతికి 21,000 వస్తుంది. నాలుగో ఏడాదికి ప్యాకేజీ 40,000 అవుతుంది, చేతికి 28,000. మీరు జమ చేసినంతే ప్రభుత్వమూ వేస్తుంది. నాలుగేళ్లు పూర్తయితే వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు, పన్ను లేకుండా. తిండి, బట్ట, బస ఖర్చు ఉండదు కాబట్టి క్రమశిక్షణ ఉన్నవాడు నెలనెలా ఇంటికి గట్టిగానే పంపగలడు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంటుంది, దానికి మీ జీతంలోంచి ఏమీ కట్టక్కర్లేదు. కానీ నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది 25 శాతం దాకానే. మిగతావాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఆ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. ఇది ఆడపిల్ల తరఫువాళ్లతో మాట ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లలో ముందే చెప్పాలి, తర్వాత గొడవలవుతాయి.

ఆఫీసర్‌కి ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం 56,100. ఐఎంఏలో, ఓటీఏలో ట్రైనింగ్ అప్పుడు స్టైపెండ్ కూడా అంతే. లెఫ్టినెంట్ అయ్యాక మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ అదనం. జవానుకి ఆ మిలిటరీ సర్వీస్ పే 5,200. ఓటీఏ దారిలో వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్: 10 ఏళ్లు, ఇష్టముంటే ఇంకో 4. తర్వాత పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉండే సర్వీసు) రాకపోతే బయటికి రావాల్సిందే, పెన్షన్ ఉండదు. "ఆఫీసరైతే జీవితాంతం సెటిల్" అనుకునేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి.

ఇక్కడ నా సలహా సూటిగా చెబుతాను. నాన్న మంచంలో ఉన్నాడు, అప్పుల వాళ్లు గుమ్మంలో ఉన్నారు, చెల్లి చదువు ఆగేలా ఉంది. ఇలాంటి ఇంట్లో 19 ఏళ్ల కుర్రాడు అగ్నివీర్‌కి వెళ్తే నేను తప్పు పట్టను, దగ్గరుండి పంపిస్తాను. కాకపోతే చదువు వదలొద్దు అంటాను. సర్వీసులో ఉన్నవాళ్ల కోసం ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ మూడేళ్ల డిగ్రీ పెట్టింది, సగం క్రెడిట్లు ట్రైనింగ్, డ్యూటీల నుంచే వస్తాయి. అది చేసుకుంటూ పోతే, 19½లో చేరినవాడు 23½కి డిగ్రీతో బయటికి వస్తాడు. ఓటీఏకి సీడీఎస్ రాయడానికి అప్పటికి మిగిలేది ఒక ఛాన్సు, మహా అయితే రెండు. సన్నటి దారే గానీ దారి ఉంది. డిగ్రీ లేకుండా వస్తే అదీ మూసుకుపోతుంది.

లోపలికి వెళ్లాక అక్కడి నుంచే ఆఫీసర్ అవ్వొచ్చని ఎవరో ఒకరు చెబుతారు. ఆర్మీ క్యాడెట్ కాలేజ్ అని డెహ్రాడూన్‌లో ఉంది, సర్వీసులో ఉన్న జవాన్లు దాని ద్వారా ఆఫీసర్లవుతారు. మా యూనిట్ నుంచీ వెళ్లారు. కానీ పగలంతా డ్యూటీ చేసి, రాత్రి రోల్ కాల్ అయ్యాక బ్యారక్‌లో పుస్తకం పట్టుకోవడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. ఆ ఆశ మీద కాలేజీ వదలకండి.

డబ్బు తర్వాత పని. పిల్లలు అసలు ఆలోచించనిది ఇదే. కొత్త లెఫ్టినెంట్‌కి 22, 23 ఏళ్లుంటాయి. వాడి కింద ముప్పైమంది దాకా ఉండే ప్లటూన్, అందులో వాడి తండ్రి వయసు సుబేదార్ సాబ్. ఒకసారి ఒక జవాను తల్లికి సీరియస్ అని ఫోన్ వచ్చింది. అదే రోజు యూనిట్ ఎక్సర్‌సైజ్‌కి (యుద్ధ సాధనకి) బయల్దేరుతోంది. లీవు కాగితం నేనే టైపు చేసి తీసుకెళ్లాను. ఆ కుర్ర ఆఫీసర్ సుబేదార్ సాబ్‌ని అడిగాడు, డ్యూటీ లిస్టు తెప్పించుకున్నాడు, ఇద్దరి డ్యూటీలు మార్చాడు, సంతకం పెట్టాడు, కంపెనీ కమాండర్‌కి తనే ఫోన్ చేసి చెప్పాడు. జవాను రాత్రి బండెక్కాడు. ఆఫీసర్ ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటుంది: మనుషులు, వాళ్ల ఇళ్లు, వాళ్ల తప్పులు, వాటన్నిటికీ మీరు జవాబుదారీ. ఇది ఒంటికి పడనివాళ్లున్నారు. గన్ను, వైర్‌లెస్ సెట్టు, బండి, ఇంజను లాంటివి చేత్తో పట్టి నేర్చుకోవడం ఇష్టమైనవాళ్లు జవానుగానే బాగుంటారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. సెల్యూట్ కోసం ఆఫీసర్ అవుదామనుకునేవాడికి మాత్రం మొదటి నెలలోనే సరదా తీరిపోతుంది.

ఫస్టియర్ పిల్లలు ఈ మాట వినండి: కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే ఈ ఏడాదే చేరండి. తర్వాత చేరదామంటే 'సి' సర్టిఫికెట్ చేతికి రాదు. 'సి'లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కింద రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి అప్లై చేయొచ్చు. అగ్నివీర్‌కి వెళ్లినా ఎన్‌సీసీకి బోనస్ మార్కులున్నాయి. రెండు వైపులా పనికొచ్చేది ఇదొక్కటే. బీటెక్ వాళ్లకు టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు), ఎస్ఎస్‌సీ టెక్ (టెక్నికల్ షార్ట్ సర్వీస్ కమిషన్) అని రాతపరీక్ష లేని ఎంట్రీలు ఉన్నాయి, మార్కులతో షార్ట్‌లిస్ట్ చేస్తారు. ఆడపిల్లలు సీడీఎస్ రాసి ఓటీఏకి వెళ్లొచ్చు, ఎన్‌సీసీ ఎంట్రీ కూడా ఉంది. ఆర్మీలో మహిళా అగ్నివీర్‌లను తీసుకునేది మిలిటరీ పోలీసు విభాగంలోకి.

పరీక్షల సంగతి. అగ్నివీర్‌కి 2023 నుంచి ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, తర్వాత ర్యాలీ. ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్-అప్స్, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్. పుల్-అప్స్ పదీ తీస్తే పూర్తి 40 మార్కులు. మనవాళ్లు పరుగు మీద పెట్టిన శ్రద్ధ బార్ మీద పెట్టరు. సీడీఎస్ పేపర్ ఇంగ్లిష్‌లో, హిందీలో వస్తుంది. లెక్కలు టెన్త్ స్థాయివే, ఓటీఏకి అసలు లెక్కల పేపరే లేదు. తప్పు జవాబుకి మూడోవంతు మార్కు పోతుంది.

ఆఫీసర్ దారిలో అసలు గండం రాతపరీక్ష తర్వాత వచ్చే ఎస్ఎస్‌బీ, ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామంది ఇంటికి వచ్చేస్తారు. తర్వాత ఒక టెస్టులో తెర మీద ఒక్కో మాట 15 సెకన్లు కనబడుతుంది, అలా 60 మాటలు. కనబడగానే తోచిన వాక్యం రాయాలి. తెలుగు మీడియం కుర్రాడు మాటని తెలుగులోకి తెచ్చుకుని, వాక్యం ఆలోచించి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చేలోపు తర్వాతి మాట వచ్చేస్తుంది. దీనికి మందు స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్ కాదు. ఫస్టియర్ నుంచే రోజూ పడుకునే ముందు ఆరోజు జరిగింది ఐదారు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో రాయండి. తప్పులు పోతేపోనీ, చెయ్యి ఆగకూడదు. వేలకు వేలు ఫీజు తీసుకుని రెడీమేడ్ వాక్యాలు బట్టీ పట్టించే చోట్లకు వెళ్లకండి. ఎస్ఎస్‌బీలోని సైకాలజిస్టు అవే వాక్యాలు వేలమంది దగ్గర చదివి ఉంటాడు.

ఏ దారి ఎంచుకున్నా ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది, ఇది నాలోని క్లర్కు చెబుతున్న మాట. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్ మూడూ వరసగా పెట్టి అక్షరం అక్షరం చూడండి. మెమోలో 'బి. రమేశ్' అనీ, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం విప్పి 'బండారు రమేశ్' అనీ ఉంటుంది. తండ్రి పేరు ఒకదాంట్లో 'అప్పారావు', ఇంకోదాంట్లో 'అప్పల రావు'. పరుగులో ముందొచ్చిన పిల్లలు డాక్యుమెంట్ల టేబుల్ దగ్గర ఏడవడం నేను చూశాను. మెమో దిద్దించడం కంటే ఆధార్‌ని మెమోకి తగ్గట్టు మార్పించుకోవడం తేలిక. క్యారెక్టర్ సర్టిఫికెట్ ఆర్నెల్ల లోపుది ఉండాలి కాబట్టి అది మాత్రం ర్యాలీ తేదీ తెలిశాకే సర్పంచ్ దగ్గర తీసుకోండి.

కళ్లు, చెవులు, అరికాళ్లు, మోకాళ్లు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక తప్ప ఇంకెక్కడా శాశ్వత టాటూ పనికిరాదు, హీరో పేరైనా సరే. కేసుల్లో ఇరుక్కోకండి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. గుంటూరు, విశాఖ, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసుల్లో "నాకు తెలిసినవాళ్లున్నారు" అని డబ్బు అడిగేవాడు మోసగాడే. వాడికిచ్చే డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి. సీడీఎస్ ఫీజు 200 రూపాయలే, ఆడపిల్లలకూ ఎస్సీ, ఎస్టీలకూ అదీ లేదు.