బరంపురం నుంచి మొదటిసారి పియానో కచేరీకి వెళ్తున్నారా, అయితే ఇలా రెడీ అవ్వండి

మన బరంపురం తెలుగువాళ్లకి కచేరీ అంటే వయొలిన్, మృదంగం, ఆది తాళం కదా, అందుకే కొంచెం ముందు చెప్తే బాగుంటుందని రాస్తున్నా. ఇక్కడ కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబై సీఎస్ఎంటీలో దిగొచ్చు, అక్కడి నుంచి నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం దగ్గరే, కుర్ర పియానిస్టుల సోలో ప్రోగ్రాం ఎప్పుడైనా పడితే వదలకండి.

టికెట్ తీసేటప్పుడు స్టేజీకి ఎదురుగా కూర్చుంటే మన ఎడమవైపు వచ్చే సీట్లు చూడండి. పియానిస్టు కుడి భుజం మనవైపు ఉంటుంది, వేళ్లు కనపడేది ఎడమవైపు వాళ్లకే.

అసలు పని ఇంట్లోనే ఉంది. వాయించే ఐటమ్స్ ముందే తెలుస్తాయి, అందులో ఒక్కటి పట్టుకుని పది రోజులు రాత్రిళ్లు వినండి, అన్నీ వద్దు. ఉదాహరణకి జర్మన్ స్వరకర్త బీథోవెన్ 1801లో రాసిన మూన్‌లైట్ సొనాటా (సొనాటా అంటే కొన్ని భాగాలుగా ఉండే వాద్య రచన), ఆ వెన్నెల పేరు ఆయన పెట్టింది కాదు, ఆయన పోయాక ఒక విమర్శకుడి మాట వల్ల వచ్చింది. మొత్తం పావుగంట ఉంటుంది. ఇందులో గమకం వెతక్కండి, పియానోకి 88 మెట్లు, ఒక్కో మెట్టుది ఒక్కటే స్వరం, జారదు, ఊగదు. దాని బదులు మొదటి భాగంలో కుడి చెయ్యి వినండి, మూడేసి స్వరాలు అలలా నడుస్తుంటాయి, వాటి మీద పాటని ఎక్కువగా అదే చేతి చిటికెన వేలే పలికిస్తుంది, ఎడమచెయ్యి కింద బరువుగా మోగుతుంటుంది, మైకు లేకుండా ఇదంతా హాలంతా వినపడాలి, ఎంత సాధన కావాలో ఆలోచించండి!

తాళం మాత్రం వెయ్యకండి. మా చిన్నాన్న అలవాటు కొద్దీ కుర్చీ చెయ్యి మీద మెల్లగా తాళం వేస్తే ముందువరసాయన వెనక్కి తిరిగి చూశాడు, అంత ప్రేమగా వినే మనిషి ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చుండిపోయారు, నాకు చాలా బాధేసింది. మనం మధ్యలో ఆహా అంటే పాడేవాళ్లకి ఊపొస్తుంది, అక్కడ నిశ్శబ్దమే మర్యాద. ఫోన్ ఆఫ్ చెయ్యండి, దగ్గుబిళ్ల కాగితం ముందే విప్పి పెట్టుకోండి.

సొనాటాలో భాగం భాగానికి మధ్య ఆగుతారు, అప్పుడు చప్పట్లు కొట్టరు. చివరి స్వరం అయ్యాక కూడా చేతులు ఒళ్లోకి దిగేదాకా ఆగి, అప్పుడు మనస్ఫూర్తిగా కొట్టండి. గట్టిగా, చాలాసేపు కొడితే చాలాసార్లు మళ్లీ వచ్చి చిన్నది ఇంకోటి వాయిస్తారు, కాబట్టి తిరుగు రైలు ఆ రాత్రికే పెట్టుకోకండి.