కురుసుర సబ్‌మెరైన్ చూపించి పిల్లలకి నిజంగా ఏదైనా నేర్పాలంటే ఎలా?

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చి పెట్టిన నేవీ సబ్‌మెరైన్ కురుసుర ఎక్కినవాళ్ళలో చాలామంది ఒక చివర లోపలికెళ్ళి, ఫొటోలు తీసుకుంటూ ఇంకో చివర దిగి, నేరుగా ముంత మసాలా బండి దగ్గరికి పోతారు. తప్పేం లేదు. కానీ పిల్లల బుర్రలోకి కూడా కాస్త ఎక్కాలంటే పని ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి.

బయల్దేరే ముందు ఒక్క ప్రశ్న వేయండి: 91 మీటర్ల పొడవున్న ఇనుప ఓడ కావాలన్నప్పుడు మునిగి, కావాలన్నప్పుడు ఎలా తేలుతుంది? జవాబు చెప్పకండి, గూగుల్ చేయనివ్వకండి. వాళ్ళకి తోచింది, ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా సరే, కాగితం మీద రాయించండి. ముందే ఏదో ఒకటి అనేసిన పిల్లలు అది నిజమో కాదో తేల్చుకోవాలని చూస్తారు.

లోపల అన్నీ చూపించాలని పెట్టుకోవద్దు. దారి ఇరుకు, వెనకనుంచి జనం తోస్తుంటారు. పైగా మ్యూజియంలో వచ్చే అలసట గురించి బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే రాశాడు కాబట్టి దాన్ని మన పిల్లల బద్ధకం ఖాతాలో వేయకండి. రెండు చోట్ల ఆగితే చాలు. డీజిల్ ఇంజిన్ల దగ్గర ఆగి, ఇంజిన్ నడవాలంటే గాలి కావాలి కదా, లోతు నీళ్ళలో ఎక్కణ్ణుంచి వస్తుందని అడగండి (రాదు, అందుకే అక్కడ బ్యాటరీలతో నడుస్తుంది). టార్పెడోలు (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చేవి) వదిలే గొట్టాల దగ్గర, గొట్టం తెరిస్తే సముద్రం లోపలికి రాదా అని అడగండి. గొట్టానికి రెండు తలుపులుంటాయని, రెండూ ఒకేసారి తెరవరని వాళ్ళే కనిపెడితే ఇక ఆ రోజు టికెట్ డబ్బులు గిట్టినట్టే. బోర్డు ఆ తర్వాత చదవొచ్చు.

అక్కడి గైడ్లు నేవీలో చేసి రిటైరైనవాళ్ళు. "సార్, ఇందులో స్నానం ఎలా చేసేవారు?" అని పిల్లల్నే అడగనివ్వండి.

ఇంకో మాట. 2001లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, మ్యూజియంకి వచ్చిన తల్లిదండ్రులు ఆడపిల్లల కంటే మగపిల్లలకి మూడు రెట్లు ఎక్కువగా వివరించి చెప్పినట్టు తేలింది. మనమేమీ వాళ్ళకంటే మెరుగని నేననుకోను. ఇంజిన్ గది దగ్గర అమ్మాయిని వెనక్కి నెట్టేస్తున్నారేమో చూసుకోండి.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం, సబ్‌మెరైన్లని వేటాడేది. ఓపికుంటే ఒక్కో ఇంజిన్‌కి ఎన్ని ప్రొపెల్లర్లున్నాయో చూడమనండి, లేదంటే ఇంకోసారి.

ఇంటికొచ్చాక కాగితం తీసి, ఇది చేయండి. చిల్లు లేని పెన్ను క్యాప్ క్లిప్పు చివర కాస్త క్లే అంటించి, నిండా నీళ్ళున్న ప్లాస్టిక్ సీసాలో మూతి కిందికి ఉండేలా వదిలి, సీసా మూత గట్టిగా బిగించండి. సీసా నొక్కితే క్యాప్‌లోకి నీళ్ళెక్కి బరువై మునుగుతుంది, వదిలితే లేస్తుంది. సబ్‌మెరైన్ కూడా ట్యాంకుల్లోకి నీళ్ళు నింపుకుని మునిగి, గాలిని ఒత్తిడితో పంపి ఆ నీళ్ళు బయటికి నెట్టి తేలుతుంది. క్యాప్ వెంటనే అడుక్కి పోతే క్లే కొంచెం గిల్లేయండి, ఎంత నొక్కినా మునగకపోతే ఇంకాస్త అంటించండి.