రెండో లీడర్ కళ్లముందు ఉన్నారా? వేసవి క్యాంపుకు ముందు స్కౌట్ వాలంటీర్లకు జాగ్రత్తలు

పోయిన నెల ఇక్కడ అమెరికాలో మాకు తెలిసిన ఒక ట్రూప్ (పెద్ద పిల్లల స్కౌట్ దళం) ఒక రాత్రి క్యాంపుకు వెళ్లింది. తొమ్మిది మంది పిల్లలు, ఇద్దరు లీడర్లు. కాగితం మీద లెక్క సరిపోయింది. సాయంత్రం తల్లిదండ్రులు పిల్లల్ని క్యాంపు దగ్గర దింపుతుంటే రెండో లీడర్ ఫోన్ చేశారు. "ఆఫీసులో ఇరుక్కుపోయాను, మీరు మొదలుపెట్టండి, దారిలోనే ఉంటా" అన్నారు. మొదటి లీడర్ సరే అన్నారు. తల్లిదండ్రులు వెళ్లిపోయారు.

ఎనిమిదింటికి ఒక పిల్లాడికి ఆయాసం మొదలైంది. వాడి ఇన్‌హేలర్ మందుల సంచిలో ఉంది. మందుల సంచి రెండో లీడర్ కారులో ఉంది. ఆయన ఇంకా దారిలోనే ఉన్నారు. 911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. పిల్లాడితో పాటు ఎవరు ఎక్కాలి? ఈయన ఎక్కితే మిగతా ఎనిమిది మందిని ఎవరు చూడాలి? చివరికి పక్క టెంట్లో దిగిన ముక్కూమొహం తెలియని కుటుంబానికి పిల్లల్ని అప్పజెప్పి ఈయన అంబులెన్స్ ఎక్కారు. పిల్లాడికి ఏమీ కాలేదు. రెండు రోజుల్లో మామూలుగా స్కూలుకి వెళ్లాడు. ఆ లీడర్ మాత్రం మళ్లీ యూనిఫాం వేసుకోలేదు.

డెన్ లీడర్‌గా (చిన్న పిల్లల చిన్న గుంపుకు లీడర్‌గా) మొదలుపెట్టి పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మంచినీళ్లు, టోపీ, దోమల మందు గురించి ఇక్కడ చెప్పను. అవి ఎవరైనా చెబుతారు. వాలంటీర్లలో నేను చూసినంతవరకు దెబ్బతిన్నవాళ్లంతా మంచివాళ్లే. పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లే. వాళ్లు చేసిన తప్పు మాత్రం ఒక్కటే. రెండో లీడర్ వస్తారులే అనుకున్నారు. దారిలో ఉన్న మనిషి లెక్కలోకి రారు. దీన్ని ఇంకో నాలుగు సార్లు చెబుతాను, విసుక్కోకండి.

రెండో మనిషి అంటే ఎవరు?

చాలామంది ఇక్కడే పాత జ్ఞాపకం మీద బండి నడుపుతున్నారు. ఒకప్పుడు ఒక రిజిస్టర్డ్ లీడర్ (సంస్థలో పేరు నమోదు చేసుకున్నవారు) ఉంటే, రెండో మనిషిగా ఎవరో ఒక పిల్లాడి నాన్నో అమ్మో ఉన్నా సరిపోయేది. ఇద్దరిలో ఒకరికి 21 నిండితే రెండోవారికి 18 ఉన్నా ఒప్పుకునేవారు. 2018 అక్టోబర్ 1 నుంచి అది పోయింది. ఇప్పుడు ఇద్దరూ రిజిస్టర్ అయినవాళ్లే కావాలి, ఇద్దరికీ 21 నిండాలి. క్యాంపుకే కాదు, వారం వారం జరిగే మీటింగుకీ ఇదే లెక్క. ఆడపిల్లలు ఉన్న కార్యక్రమమైతే 21 నిండిన రిజిస్టర్డ్ మహిళా లీడర్ ఒకరు తప్పనిసరి. స్కౌటింగ్‌లో అన్నిటికంటే పెద్ద హోదా అయిన ఈగిల్ సాధించిన పందొమ్మిదేళ్ల కుర్రాడు మీ ట్రూప్‌లో ఎంత బాధ్యతగా ఉన్నా, ఈ లెక్కలో అతను రెండో మనిషి కాడు. అతనికి కోపం వస్తుంది. రానివ్వండి.

రాత్రి బస సంగతి ఇంకా మారింది. ఇదివరకు రిజిస్టర్ కాని తల్లిదండ్రులు ట్రూప్ క్యాంపులో 72 గంటల దాకా ఉండగలిగేవారు. 2023 సెప్టెంబర్ 1 నుంచి రాత్రి ఉండే పెద్దలంతా రిజిస్టర్ కావాల్సిందే. కబ్ స్కౌట్లలో (ట్రూప్ కంటే చిన్న పిల్లల విభాగం) సొంత పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు మాత్రం మినహాయింపు ఉంది. మీ పెద్దబ్బాయి కబ్ నుంచి ట్రూప్‌లోకి ఈ ఏడే వచ్చాడా? అయితే నిరుడు మీకు వర్తించిన మినహాయింపు ఈ ఏడు వర్తించదు. ఈ మలుపు దగ్గర బోల్తా పడినవాళ్లు నాకు చాలామంది తెలుసు. స్లీపింగ్ బ్యాగ్ చంకన పెట్టుకుని వచ్చి, రాత్రి పదింటికి వెనక్కి కారు నడుపుకుంటూ వెళ్లిన తండ్రుల్ని చూశాను.

"మొన్నటిదాకా ఒప్పుకున్నారు కదా, ఇప్పుడు ఇంత చాదస్తమేంటి" అని అడుగుతారు. మన సంస్థ బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. చిన్నప్పుడు స్కౌటింగ్‌లో తమపై లైంగిక వేధింపులు జరిగాయని 82 వేలమందికి పైగా ఆ కేసులో క్లెయిములు వేశారు. 2025 ఫిబ్రవరిలో సంస్థ పేరే స్కౌటింగ్ అమెరికాగా మారింది. ఈ రూళ్లు ఎవరో ఆఫీసులో కూర్చుని ఊసుపోక రాసినవి కావు. అయినా, వేధింపుల సంగతి ఒక్క క్షణం పక్కన పెట్టినా ఈ రూలు నిలబడుతుంది. ఒకరు పిల్లాడితో ఆసుపత్రికి వెళితే రెండోవారు క్యాంపులో ఉంటారు. మొదట చెప్పిన ఆ క్యాంపు రాత్రి కావలసింది అదే.

ఇంకో చిక్కు. రిజిస్ట్రేషన్ గడువు ఇప్పుడు ట్రూప్ మొత్తానికి ఒకే రోజున తీరదు, ఒక్కొక్కరిది ఒక్కో తేదీ. పిల్లల రక్షణ శిక్షణకీ వేరే గడువు ఉంటుంది. ఈ రోజు చూస్తే ఇద్దరివీ చెల్లుతున్నట్టే కనిపిస్తాయి. క్యాంపు మూడో రోజున ఒకరిది ముగిసిపోతుంది. అప్పుడు మీరు ఒంటరి లీడరే. కాబట్టి బయల్దేరే తేదీ కాదు, తిరిగొచ్చే తేదీ చూసి సరిపోల్చండి.

ఇదంతా తెలిసి కూడా అడగలేకపోవడానికి కారణం మొహమాటం. "మీ శిక్షణ అయిందా" అని తోటి తండ్రిని అడగాలంటే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందని వెనకాడతాం. నేనూ వెనకాడాను. ఇప్పుడు ముందు నా సర్టిఫికెట్ నేనే గ్రూపులో పెడతాను, తర్వాత అందరినీ పెట్టమంటాను. ఇలా అయితే ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఒక్క పిల్లాడు, ఒక్క పెద్ద

రెండో మనిషి లేనప్పుడు జరిగే రెండో అనర్థం ఇది. క్యాంపు అయిపోతుంది, అందరి తల్లిదండ్రులూ వచ్చి తీసుకెళ్తారు. ఒక్క పిల్లాడి వాళ్లు మాత్రం రారు. ఫోన్ ఎత్తరు. రెండో లీడర్ "నాకు పనుంది, మీరు చూసుకోండి" అని వెళ్లిపోతారు. మీరు పాపం అనుకుని పిల్లాడిని కారెక్కించుకుని ఇంటి దగ్గర దింపుతారు. నాకు బాగా తెలిసిన ఒకాయన సరిగ్గా ఇదే చేశారు. ఆయన ఏ తప్పూ చేయలేదు, ఆ పిల్లాడూ ఏమీ అనలేదు. ఇంకెవరో తల్లి చూసి ఫిర్యాదు చేసింది. విచారణ అయ్యేదాకా ఆయన్ని పక్కన పెట్టారు. ఆరు వారాల తర్వాత ఏమీ లేదని తేల్చారు. అప్పటికి ఆయన భార్య కొడుకుని ట్రూప్ మాన్పించేసింది.

మీ సొంత బిడ్డ కాని ఒక్క పిల్లాడితో మీరు ఒక్కరే ఉండకూడదు. టెంట్లో, కారులో, ఫోన్‌లో, ఎక్కడైనా అంతే. మాట్లాడాల్సిన పని ఉంటే నలుగురికీ కనిపించే చోట మాట్లాడండి. మాటలు ఎవరికీ వినపడక్కర్లేదు, మీరిద్దరూ కనపడితే చాలు. పిల్లాడికి మెసేజ్ పంపితే ఇంకో లీడర్‌నో వాడి అమ్మానాన్నల్నో కలపండి. "రేపు తాడు తీసుకురా" అనే ఒక్క ముక్కకైనా సరే. అందుకే చివరి పిల్లాడు వెళ్లేదాకా ఇద్దరు లీడర్లూ ఉండాలి. మొదటి పిల్లాడు వచ్చే ముందే ఇద్దరూ వచ్చి ఉండాలి. రెండో మనిషి మధ్యలో వచ్చి మధ్యలో వెళితే రానట్టే లెక్క.

తలలు లెక్కపెట్టడం

2018 ఆగస్టులో వేల్స్‌లో, గ్రేట్ ఓర్మ్ కొండ మీద పదహారేళ్ల స్కౌట్ ఒకడు జారిపడి చనిపోయాడు. ఆ ట్రిప్‌లో లీడర్లు ఉన్నారు. పడిపోయే సమయానికి అతని దగ్గర మాత్రం పెద్దవాళ్లెవరూ లేరు. స్నేహితులతో వేరే దారి పట్టాడు. 2024లో విచారణ జ్యూరీ అక్కడి స్కౌట్ సంస్థ నిర్లక్ష్యాన్ని కూడా తప్పుపట్టింది. ఇది ఆ దేశానిదే అనుకోవద్దు. గుంపు ముందొక లీడర్, వెనకొక లీడర్ ఉన్న ప్రతి హైక్‌లోనూ ఇది జరగొచ్చు. ముందున్నాయన వాళ్లు వెనక ఉన్నారనుకుంటారు, వెనకున్నాయన వాళ్లు ముందుకెళ్లారనుకుంటారు. ఇద్దరు లీడర్లు ఉండి కూడా ఆ పిల్లలకి ఒక్కరూ లేనట్టే. ఇద్దరున్నారన్న ధీమాతో ఎవరూ చూడకపోవడం కూడా "రెండోవారు ఉన్నారులే" అనే జబ్బే.

దారి చీలిన ప్రతిచోటా ఆగండి. వెనకున్న లీడర్ వచ్చి కలిసేదాకా ఎవరూ కదలకూడదు. తలలు లెక్కపెట్టేటప్పుడు పేరు పెట్టి పిలవండి, వేలు చూపించి అంకె చెప్పుకుంటూ పోవద్దు. తొమ్మిది మంది ఉన్నారని తేలితే సరిపోదు, ఏ తొమ్మిది మందో తెలియాలి. పక్క ట్రూప్ పిల్లాడిని కలిపి లెక్క సరిపెట్టిన ఘనత నాకూ ఉంది.

ఇక మిగిలినవి వరసగా రాస్తున్నాను. అన్నింటికీ కారణాలు చెప్పే ఓపిక లేదు.

పెట్టెలో ఉన్న పాత గైడ్ టు సేఫ్ స్కౌటింగ్ (సంస్థ భద్రతా రూళ్ల పుస్తకం) ప్రింటు తీసి పారేయండి. రూళ్లు ఏడాది మధ్యలోనూ మారతాయి. ప్రతి క్యాంపుకు ముందు ఆన్‌లైన్‌లో ఉన్నదే చూడండి.

"మా ట్రూప్‌లో ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అని ఎవరన్నా అంటే, ఆ రూలు వెతికి వాళ్లచేతే పైకి చదివించండి.

హెల్త్ ఫారం ప్రతి ఏడాదీ కొత్తది కావాలి. 72 గంటలు దాటే క్యాంపుకైతే డాక్టర్ సంతకం చేసే సి భాగం కూడా ఉండాలి. డాక్టర్ అపాయింట్‌మెంట్లు క్యాంపు ముందు వారం దొరకవు. ఇప్పుడే అడగండి.

మందుల సంచి పిల్లలున్న చోటే ఉండాలి. తర్వాత వచ్చే కారులో పెట్టకండి. ఇన్‌హేలర్, ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వేసే ఇంజెక్షన్) ఎవరివి వారి దగ్గరే ఉండాలి.

టెంట్లో ఇద్దరు పిల్లల మధ్య రెండేళ్లకు మించి తేడా ఉండకూడదు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే టెంట్లో వద్దు. ట్రూప్‌లో తండ్రీ కొడుకులైనా వేరే వేరే టెంట్లే. కొడుకు ఏడిస్తే టెంటు బయట కూర్చోండి.

స్నానాల గదుల్లోకి ఫోన్ వద్దు. టైమ్ చూసుకోవడానికి కూడా వద్దు.

టెంట్లో మంట వద్దు. కొవ్వొత్తి కూడా మంటే. పుల్లలు అంటుకోవడం లేదని పెట్రోలు పోయకండి.

ఈత పరీక్ష ప్రతి ఏడూ మళ్లీ పెట్టాలి. నిరుడు ఈదినవాడు ఈ ఏడు ఈదుతాడని ఎవరు చెప్పారు? నీళ్లలో పదిమందికి ఒకరు కాపలా ఉండాలి. జంటలు కట్టించండి, కనీసం పది నిమిషాలకోసారి పిలిచి చూడండి. కాపలా ఉన్నవారి చేతిలో ఫోన్ కనపడితే అందరినీ నీళ్లలోంచి బయటికి రమ్మనండి.

ఉరుము వినపడితే ఆట ఆపండి. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగండి. పిల్లలు గోల చేస్తారు. మళ్లీ ఉరిమితే మళ్లీ సున్నా నుంచి లెక్క.

ట్రక్కు వెనక పిల్లల్ని ఎక్కించకండి. క్యాంపు గ్రౌండ్ లోపలైనా సరే.

వేధింపుల గురించి పిల్లాడు ఏదైనా చెబితే, లేదా మీకే అనుమానం వస్తే, మీరే స్వయంగా అధికారులకు చెప్పండి. కమిటీ చైర్‌కి చెప్పి ఊరుకుంటే కుదరదు. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడానికి వీల్లేదు. ముందు మనలో మనం మాట్లాడుకుందాం అనేవారి మాట అసలే వినకండి.

మూడో లీడర్‌ని సిద్ధంగా ఉంచుకోండి. ఇద్దరే ఉంటే, ఒకరికి జ్వరం వస్తే క్యాంపు రద్దే. రద్దు చేయడానికి వెనకాడకండి. రద్దు చేసినందుకు ఏ లీడర్నీ ఎవరూ విచారించలేదు.

క్యాంపు రోజు రెండో లీడర్‌కి ఫోన్ చేసి ఎక్కడున్నారని అడగకండి. దారిలో ఉన్నానంటారు. ఆయన కారు మీ కళ్లముందు ఆగాలి, ఆయన అందులోంచి దిగాలి. అప్పటిదాకా తల్లిదండ్రుల్ని వెళ్లనివ్వకండి, పిల్లల్ని వాళ్ల కార్లలోనే కూర్చోబెట్టండి.